ఫిగ్మా లాంటి డిజైన్ టూల్ మీకు అవసరమా? ఒక చిన్న యాప్ గీసి మీరే తేల్చుకోండి

యాప్ స్క్రీన్లు గీసే ఫిగ్మా నేర్చుకుంటే ఉపయోగం ఉందా? ఉచిత ఖాతా సరిపోతుందా, డబ్బు కట్టాలా? ఇదంతా ఎందుకు, నేరుగా కోడ్ రాసేస్తే సరిపోదా? అమీర్‌పేటలో కోర్సు చేరబోయే విద్యార్థులు అడిగేది ఇదే. సొంతంగా యాప్ చేయించుకోవాలనుకునే చిన్న వ్యాపారులు అడిగేదీ ఇదే. లాభాలు, నష్టాలు అని జాబితా రాసిస్తే చదివి ఊరుకుంటారు తప్ప విషయం తేలదు. ఒక శని, ఆదివారాలు పక్కన పెట్టి కింద చెప్పినట్టు ఒక్క చిన్న యాప్‌కు ప్రోటోటైప్, అంటే నొక్కితే స్క్రీన్లు మారే నమూనా, చేయండి. ఈ టూల్స్ ఎక్కడ పని తగ్గిస్తాయో, ఎక్కడ మోసపుచ్చుతాయో మీకే తెలిసిపోతుంది.

ఉదాహరణకు కూకట్‌పల్లిలో ఒక కర్రీ పాయింట్ అనుకుందాం. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి ఇంటికి వెళ్లేవాళ్లు దారిలో ఆగి పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు కట్టించుకుంటారు. ఎనిమిదయ్యేసరికి బెండకాయ వేపుడు అయిపోతుంది, కౌంటర్ దగ్గర గుంపు పెరుగుతుంది. కూరలు ముందే ఫోన్‌లో ఎంచుకుని, యూపీఐతో డబ్బు కట్టి, టోకెన్ నంబరు చూపించి తీసుకెళ్లే యాప్ ఉంటే బాగుంటుందని యజమాని ఆలోచన. మన పని ఆ యాప్ నమూనా తయారుచేయడం.

కావలసినవి

ల్యాప్‌టాప్ కావాలి. 8 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు. మౌస్ కూడా పెట్టుకోండి, టచ్‌ప్యాడ్‌తో గీస్తే చేయి త్వరగా అలసిపోతుంది. ఫోన్‌లో నమూనా చూడొచ్చు కానీ అందులో గీయడం కుదరదు. ఆగకుండా వచ్చే ఇంటర్నెట్ ఉండాలి. పరీక్షించడానికి ఒక ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకోండి, పాతదీ చిన్న స్క్రీన్ ఉన్నదీ అయితే మరీ మంచిది. పది ఏ4 కాగితాలు, ఒక పెన్ను తీసుకోండి. వీటన్నిటికంటే ముఖ్యంగా, మీ టీమ్‌కు సంబంధం లేని ఐదుగురు మనుషులు కావాలి. వాళ్లను ఇప్పుడే అడిగి సమయం ఖాయం చేసుకోండి, చివర్లో వెతుక్కుంటే దొరకరు.

1. ముందు కాగితం మీద గీయండి

కంప్యూటర్ తెరవకండి. ఒక్కో కాగితాన్ని నాలుగు మడతలు పెడితే ఒక్కో గడి ఒక ఫోన్ స్క్రీన్ అవుతుంది. ఈరోజు కూరలు, ప్యాకెట్ల సంఖ్య, తీసుకునే సమయం, చెల్లింపు, టోకెన్. ఈ ఐదూ పెన్నుతో గీసి బాణాలతో కలపండి. అరగంట చాలు.

ఈ మెట్టు దాటేసి నేరుగా టూల్‌లోకి దూకితే పెద్ద నష్టం ఒకటుంది. టూల్ తెరవగానే రంగు, నీడ, గుండ్రటి మూలలు లాంటివన్నీ ఎదురుగా కనిపిస్తాయి. కూర అయిపోతే ఏం చూపించాలి అన్న అసలు ప్రశ్న వెనక్కి పోయి, బటన్ ఏ ఆకుపచ్చలో ఉండాలి అన్నది ముందుకొస్తుంది. కాగితం మీద ఆ ఆకర్షణ లేదు. పైగా చింపేయడానికి మనసు వెనకాడదు.

కాగితం మీదే పని తేలిపోతే అక్కడితో ఆగండి. రెండు స్క్రీన్ల చిన్న మార్పుకు టూల్ అక్కర్లేదు.

2. టూల్ ఎంచుకోండి

కొత్తవాళ్లకు నా సలహా ఫిగ్మా. బ్రౌజర్‌లోనే నడుస్తుంది. విండోస్ అయినా మ్యాక్ అయినా తేడా లేదు. ఒకే ఫైల్‌లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేయొచ్చు, లింక్ పంపితే అవతలివాళ్లు ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోకుండా చూడొచ్చు. ఉచిత ఖాతా ఈ అభ్యాసానికి బాగా సరిపోతుంది. టీమ్ ఫైళ్ల సంఖ్యకు, పాత వెర్షన్లు వెనక్కి తెచ్చుకునే గడువుకు అందులో పరిమితులు ఉంటాయి. విద్యార్థులైతే ధ్రువీకరణ చేయించుకుని విద్యా ఖాతా ఉచితంగా తీసుకోవచ్చు. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి, డబ్బు కట్టే ముందు వాళ్ల సైట్‌లో ఆరోజు ఉన్న రేటు చూడండి.

మిగతావి కొన్ని. పెన్‌పాట్ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), బ్రౌజర్‌లో నడుస్తుంది, కావాలంటే మీ సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. డేటా బయటికి వెళ్లకూడదనే ఆఫీసులకు అది మంచి దారి. స్కెచ్‌లో డిజైన్ చేయాలంటే మ్యాక్ ఉండాలి. బాల్సమిక్ చేత్తో గీసినట్టు కనిపించే వైర్‌ఫ్రేమ్‌ల కోసం, అంటే గీతలతో వేసే స్క్రీన్ల కచ్చా చిత్రాల కోసం. అందులో రంగుల గొడవే ఉండదు కాబట్టి చర్చ దారి తప్పదు. ప్రోటోపై, ఆక్షూర్ లాంటివి లోతైన ప్రోటోటైప్‌లకు పనికొస్తాయి, మొదటి వారాంతానికి అవి వద్దు.

ఒక జాగ్రత్త. ఏ టూల్ అయినా ఒక కంపెనీ చేతిలో ఉంటుంది. ఒకప్పుడు చాలామంది డిజైనర్లు వాడిన ఇన్‌విజన్ అనే టూల్ 2024 చివర్లో మూతపడింది. అడోబీ కంపెనీ డిజైన్ టూల్ ఎక్స్‌డీకి 2023 నుంచి కొత్త సౌకర్యాలు ఆగిపోయాయి. ఫిగ్మానే 2 వేల కోట్ల డాలర్లకు కొంటామని అడోబీ 2022 సెప్టెంబరులో ప్రకటించి, 2023 డిసెంబరులో ఆ ఒప్పందం వదిలేసుకుంది. అందుకని మెనూలు బట్టీ పట్టకండి. స్క్రీన్ల వరుస, కాంపొనెంట్లు (ఒకసారి గీసి పదేపదే వాడుకునే ముక్కలు), ఖాళీల లెక్క, పరీక్షించే పద్ధతి నేర్చుకోండి. టూల్ మారినా ఇవి మీతోనే ఉంటాయి.

3. ఫ్రేమ్, ఫాంట్ పెట్టుకోండి

ఫ్రేమ్ అంటే టూల్‌లో ఒక ఫోన్ స్క్రీన్‌కు గీసే చట్రం. 360 వెడల్పు, 800 ఎత్తు ఉన్న ఆండ్రాయిడ్ ఫ్రేమ్ తీసుకోండి. పెద్ద ఐఫోన్ ఫ్రేమ్‌లో గీస్తే అన్నీ విశాలంగా కనిపిస్తాయి, తర్వాత మామూలు ఫోన్‌లో ఇరుకైపోతాయి. ముందే చిన్నదాంట్లో ఇమిడిస్తే పెద్దదాంట్లో ఎలాగూ ఇముడుతుంది.

తెలుగుకు నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మొదటి ప్రయత్నానికి నోటో చాలు.

4. అసలు మాటలు, అసలు ధరలు రాయండి

‘లోరెమ్ ఇప్సమ్’ అనే లాటిన్ నింపుడు పాఠం వాడొద్దు. ‘ఐటమ్ 1, ఐటమ్ 2’ కూడా వద్దు. ‘గోంగూర పప్పు’, ‘బెండకాయ జీడిపప్పు వేపుడు’, ‘గుత్తి వంకాయ కూర’ అని పూర్తి పేర్లు, పక్కన ధర రాయండి. పొడుగు పేరు పెట్టినప్పుడే పేరూ ధరా ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా అన్నది బయటపడుతుంది.

తెలుగు స్క్రీన్లు చేసేవాళ్లు ఇక్కడ కాస్త నిదానించండి. టూల్స్‌తో వచ్చే రెడీమేడ్ కిట్లు (ముందే గీసిన బటన్లు, జాబితాల సెట్లు) చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారైనవి. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. 16 సైజు అక్షరాలకు లైన్ ఎత్తు 20 పెడితే పై లైన్ వత్తు కింది లైన్ గుడికి తగులుతుంది. 24 నుంచి 26 దాకా ఇవ్వండి. అక్షరాల మధ్య దూరాన్ని మైనస్‌లోకి తీసుకెళ్లకండి. బటన్ వెడల్పును ఇంగ్లిష్ మాటకు సరిపోయేలా బిగించేస్తే తెలుగు మాట రెండు లైన్లకు విరుగుతుంది.

ఇంకో సంగతి. యజమాని మీకిచ్చే మెనూ ఏదో డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో చేసినది కావచ్చు. దాన్ని కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. టూల్ చెడిపోయిందని కంగారుపడకండి. అది యూనికోడ్, అంటే అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కాకపోవడమే కారణం. యూనికోడ్ కన్వర్టర్‌లో మార్చి ఒకసారి సరిచూసుకోండి, చిన్న మెనూ అయితే మళ్లీ టైప్ చేయడమే మేలు.

హైదరాబాద్‌లో ఉర్దూ చదివే కస్టమర్లు కూడా ఉంటారు. ఉర్దూ వెర్షన్ కావాలంటే మాటలు మార్చితే సరిపోదు, స్క్రీన్ అమరికంతా కుడి నుంచి ఎడమకు తిరగాలి. దాన్ని వేరే ఫ్రేమ్‌లుగా గీయండి.

5. పదేపదే వచ్చేవాటిని కాంపొనెంట్లు చేయండి

ఒక కూర వరుస గీయండి. ఫోటో, పేరు, ధర, ప్లస్ మైనస్ బటన్లు ఉంటే చాలు. దానికి ఆటో లేఅవుట్ పెట్టండి, అప్పుడు పేరు పొడుగైతే వరుస దానంతటదే సర్దుకుంటుంది. ఇప్పుడు దాన్ని కాంపొనెంట్‌గా మార్చి ఎనిమిది కాపీలు పెట్టండి. రేపు యజమాని వచ్చి ధర ఎడమవైపు కావాలంటే అసలు కాంపొనెంట్‌లో ఒక్కచోట మార్చండి, ఎనిమిదీ మారతాయి. ఈ టూల్స్‌కు ఎందుకంత పేరొచ్చిందో ఈ క్షణంలో అర్థమవుతుంది. ఇదే పని ఫోటోషాప్‌లోనో ప్రెజెంటేషన్ స్లైడ్లలోనో చేసినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రతిదాన్నీ కాంపొనెంట్ చేయకండి. ఒక్కసారే వచ్చే టోకెన్ స్క్రీన్‌కు అక్కర్లేదు. మూడుసార్లకు మించి వచ్చేవాటికి చేస్తే చాలు.

6. స్క్రీన్లు కలపండి

ప్రోటోటైప్ విభాగంలోకి వెళ్లి, బటన్ నుంచి తర్వాతి ఫ్రేమ్‌కు తీగ లాగండి. ట్యాప్ చేస్తే ఆ స్క్రీన్‌కు వెళ్లేలా పెట్టండి. ప్రతి స్క్రీన్‌లో వెనక్కి వెళ్లే దారి ఉందో లేదో చూడండి, కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది అదే. యానిమేషన్లు ఇప్పుడొద్దు.

ఇక్కడ టూల్ పరిమితి ఒకటి గుర్తుంచుకోండి. ఫిగ్మా మామూలు ప్రోటోటైప్‌లో ఫోన్ నంబరు పెట్టె నొక్కితే కీబోర్డ్ వచ్చి నిజంగా టైప్ అవ్వదు. టైప్ చేసినట్టు కనిపించే మరో ఫ్రేమ్ మీరే గీయాలి. టైపింగ్‌నే పరీక్షించాల్సిన యాప్ అయితే, అంటే పొడవాటి దరఖాస్తు ఫారాలు లాంటివైతే, ప్రోటోపై లేదా ఆక్షూర్ చూడండి. లేదంటే ఆ ఒక్క స్క్రీన్‌ను వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చేసేయండి.

7. పని చెడిపోయే స్క్రీన్లు గీయండి

అన్నీ సవ్యంగా జరిగే ఐదు స్క్రీన్లు అందరూ గీస్తారు. యాప్ మంచిచెడ్డలు తేలేది మిగతావాటిలోనే. మన కర్రీ పాయింట్‌కు కనీసం ఇవి కావాలి:

- కార్ట్‌లో పెట్టాక, డబ్బు కట్టేలోపు కూర అయిపోయింది.
- బ్యాంకులో డబ్బు కట్ అయింది, యాప్‌లో ఆర్డర్ కనపడలేదు.
- నెట్ లేదు, పేజీ తిరుగుతూనే ఉంది.
- మధ్యాహ్నం మూడింటికి తెరిచారు, ఈరోజు కూరలు ఇంకా పెట్టలేదు.
- కస్టమర్ చెప్పిన సమయానికి రాలేదు.

రెండోదానికి ఎక్కువ సమయం పెట్టండి. డబ్బు పోయిందేమోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి ‘ఎర్రర్’ అన్న ఒక్క మాట ఎందుకూ పనికిరాదు. చెల్లింపు ఏ స్థితిలో ఉంది, ఆర్డర్ ఖాయం కాకపోతే డబ్బు ఎలా తిరిగొస్తుంది, ఇప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడూ ఆ స్క్రీన్ మీద ఉండాలి. వాపసు ఎన్ని రోజుల్లో అన్నది మీరు ఊహించి రాయకండి, చెల్లింపు సేవ ఇచ్చేవాళ్లను అడిగి రాయండి. ఇలాంటి ప్రశ్న కోడ్ రాయకముందే లేవనెత్తడం ప్రోటోటైప్ చేసే పెద్ద మేలు.

8. చేతిలో ఫోన్ పట్టుకుని సరిచూడండి

ల్యాప్‌టాప్‌లో చూసి బాగుందనుకోకండి. ఫిగ్మా మొబైల్ యాప్‌లో ప్రోటోటైప్ తెరిచి ఈ నాలుగూ చూడండి.

వేలి లెక్క: నొక్కే ప్రతి చోటూ ఆండ్రాయిడ్‌లో కనీసం 48, ఐఫోన్‌లో 44 యూనిట్ల వెడల్పు, ఎత్తు ఉండాలి. ప్లస్, మైనస్ బటన్లు ఇక్కడే ఎక్కువగా తప్పుతాయి.

రంగుల తేడా: మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతున్నాయి. కొలవడానికి టూల్‌కు జోడించుకునే ఉచిత ప్లగిన్లు ఉన్నాయి. పసుపు మీద, లేత నారింజ మీద తెల్ల అక్షరాలు పెడితే ఈ పరీక్షలో నిలవవు.

ఎండ: మధ్యాహ్నం రోడ్డు మీదికి వెళ్లి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చదవండి.

అక్షరాల సైజు: ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసినా ప్రోటోటైప్‌లో మారవు, నిజమైన యాప్‌లో మారతాయి. ఈ తేడా చాలామందికి తెలియదు. ఒక స్క్రీన్ కాపీ తీసి అక్షరాలు 1.3 రెట్లు పెంచి, ఏది విరుగుతుందో ముందే చూసుకోండి.

9. ఐదుగురి చేతిలో పెట్టండి

వెబ్‌సైట్లు, యాప్‌లు వాడటం ఎంత సులువో పరిశోధించే యాకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క ప్రకారం ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలో వచ్చే సమస్యల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆ ఐదుగురూ ఒకే తరహా వాడకందార్లు అయినప్పటి మాట అది. ఆఫీసు నుంచి వచ్చే కుర్రాళ్లు, ఇంట్లో ఉండే పెద్దవాళ్లు ఇద్దరూ మీ కస్టమర్లైతే ఒక్కో తరహాలో ముగ్గురు నలుగురిని తీసుకోండి.

‘ఈ ఆకుపచ్చ బటన్ నొక్కండి’ అనకండి. ‘ఆంటీ, ఈ రాత్రికి ఇద్దరికి సరిపడా పప్పు, ఒక వేపుడు ఎనిమిదింటికి తీసుకునేలా ఆర్డర్ పెట్టండి’ అని పని చెప్పి ఊరుకోండి. వాళ్లు ఆగినా, తప్పు నొక్కినా సాయం చేయొద్దు. మీ వైపు చూసి ‘ఇదేనా బాబూ?’ అంటే ‘మీకేమనిపిస్తోంది?’ అని అడగండి. ఎక్కడ ఆగారు, ఏం నొక్కారు, ఏమన్నారు అన్నదే రాసుకోండి. చివర్లో ‘బాగుందా?’ అని అడగొద్దు. మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు, ఆ జవాబుతో మీకు ఒరిగేదేమీ లేదు.

ఇద్దరు ఒకేచోట ఆగితే అక్కడ మార్చండి. మార్చాక కొత్తవాళ్లతో మళ్లీ చూడండి.

10. డెవలపర్‌కు అప్పగించండి

లింక్ పంపి చేతులు దులుపుకోకండి. లేయర్ల (ఫైల్‌లో మీరు గీసిన ఒక్కో ముక్క) పేర్లు ‘ఫ్రేమ్ 247’ అని వదిలేస్తే అవతలివాళ్లకు ఏదేమిటో తెలియదు. స్క్రీన్ల వరుసకు నంబర్లు వేయండి. ఏ స్క్రీన్లు ఖాయమయ్యాయో, ఏవి ప్రయోగాలో వేరువేరు పేజీల్లో పెట్టండి. ఖాళీలు 4, 8, 16, 24 లాంటి కొన్ని అంకెలకే పరిమితం చేస్తే కోడ్‌లో పని సులువవుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు పక్కన కూర్చుని ఏడో మెట్టులోని స్క్రీన్లు ఒక్కొక్కటీ చూపించండి.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికంటే ఖరీదైనది యజమానికి రంగులతో మెరిసే ప్రోటోటైప్ చూపించి, అది ఏమిటో చెప్పకపోవడం. ఆయన వేలితో నొక్కుతారు, స్క్రీన్లు మారతాయి. ‘యాప్ అయిపోయింది కదా, వచ్చేవారం మొదలెడదామా?’ అంటారు. ప్రోటోటైప్ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్ లాంటిది, ముందు గోడ తప్ప వెనక గదులుండవు. కూరల లెక్క, చెల్లింపు, టోకెన్ సృష్టించడం అన్నీ ఇంకా కట్టాలి. మొదటి స్క్రీన్ మీదే ‘నమూనా మాత్రమే’ అని రాయండి. మొదటి సమావేశానికి రంగుల్లేని వైర్‌ఫ్రేమ్ చూపించడం ఇంకా మంచిది.

రెండోది గోప్యత. ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని పెట్టిన ఫైల్‌లో నిజమైన కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కార్డు ఫోటోలు వాడకండి. అవసరమైతే కల్పించిన పేర్లు పెట్టండి. పని అయ్యాక లింక్ మూసేయండి.

మూడోది ఇంటర్నెట్ మీద గుడ్డి నమ్మకం. ఫిగ్మాలో తెరిచి ఉన్న ఫైల్‌లో నెట్ పోయినా పని కొంతవరకు సాగుతుంది కానీ, మూసేసినది నెట్ లేకుండా తెరుచుకుంటుందని నమ్ముకోకండి. క్లయింట్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్క్రీన్లన్నీ పీడీఎఫ్ చేసి ఫోన్‌లో ఉంచుకోండి.

చివరికి ఎలా తేల్చుకోవాలి?

ఐదుగురి పరీక్షలో బయటపడిన సమస్యలు ఒక కాగితం మీద రాయండి. వాటిలో కోడ్ రాశాక తెలిసుంటే తిరగరాయాల్సి వచ్చేవి ఎన్నో గుర్తుపెట్టండి. రెండు మూడున్నా ఆ వారాంతం గిట్టుబాటైనట్టే, టూల్ నేర్చుకోండి. ఒక్కటీ లేకుండా, మీ సమయమంతా రంగులూ నీడలూ సర్దడానికే పోయుంటే, మీ తరహా పనికి కాగితం, రెడీమేడ్ కాంపొనెంట్లతో నేరుగా కోడ్ సరిపోతాయి. కోడ్ బాగా వచ్చి, ఒక్కరే పనిచేస్తూ, మామూలు ఫారాలూ జాబితాలూ ఉన్న యాప్‌లు చేసేవాళ్లకు చాలాసార్లు ఇదే జవాబు వస్తుంది. ముగ్గురు నలుగురు కలిసి పనిచేసేచోట, డబ్బు చేతులు మారే యాప్‌లలో, పెద్దవాళ్లు వాడే సేవల్లో మాత్రం ప్రోటోటైప్ లేకుండా ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

కోర్సులో చేరే ఆలోచన ఉంటే ఫీజు కట్టే ముందు ఇవి అడగండి: కోర్సులో బయటి మనుషులతో పరీక్ష చేయిస్తారా? తెలుగు స్క్రీన్ ఒక్కటైనా చేయిస్తారా? పూర్తయిన ఫైల్ డెవలపర్ చేతికి వెళ్తుందా? కాదన్న సమాధానాలే వస్తే, ఈ పది మెట్లూ మరో రెండు యాప్‌ల మీద సొంతంగా చేయండి. మెట్రో టికెట్ కొనడం, అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకర్ బుక్ చేయడం మంచి అభ్యాసాలు. రెండింటిలోనూ ఏడో మెట్టుకు కావలసినంత పని దొరుకుతుంది.